ఫాఫ్సా నింపడం ఎలా? ఆస్తుల పేజీలో బోల్తా పడకుండా కాలేజీ ఎయిడ్‌కి అప్లై చేసే పద్ధతి

అమెరికాలో పిల్లలు పన్నెండో తరగతికి వచ్చిన తెలుగు ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. "ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, మనకెవరిస్తారు, అప్లై చేయడం దండగ" అన్నది ఒకటి. "అన్నీ నింపాం, అయినా ఏమీ రాలేదు" అన్నది రెండోది. మొదటిది సగమే నిజం. రెండో దానిలో తప్పు చాలాసార్లు కాలేజీది కాదు. ఫారం అడగని వాటిని కూడా నిజాయితీగా రాసేసిన తల్లిదండ్రులది. ఇల్లు, 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) అన్నీ కలిపి రాసి, వచ్చిన అంకె చూసి నీరుగారిపోయినవాళ్లు ఎంతమందో. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా అసలు ఎయిడ్ అంటే ఏమిటో. తిరిగి కట్టక్కర్లేనిది గ్రాంటు. క్యాంపస్‌లో పని చేసి సంపాదించుకునేది వర్క్ స్టడీ. మిగిలింది అప్పు. ఈ మూడింటినీ కలిపి "ఎయిడ్" అనే ఒకే పేరుతో పిలవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది, ఆ సంగతి చివర్లో చూద్దాం. ఫెడరల్ ఎయిడ్‌కి అంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చేదానికి, ఫాఫ్సా (ఫ్రీ అప్లికేషన్ ఫర్ ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్) అనే ఫారం నింపాలి. చాలా ప్రైవేటు కాలేజీలు తమ సొంత డబ్బు ఇవ్వడానికి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా అడుగుతాయి.

ఎవరికి వర్తిస్తుంది? విద్యార్థి అమెరికా పౌరుడై ఉండాలి, లేదా గ్రీన్ కార్డు ఉండాలి. ఇంకా కొన్ని వర్గాలున్నాయి కానీ మనలో ఎక్కువమంది ఈ రెండింట్లోకే వస్తారు. తల్లిదండ్రుల వీసాతో సంబంధం లేదు. మీరు ఇంకా హెచ్1బీ మీద ఉన్నా, ఇక్కడే పుట్టిన అమ్మాయి నిక్షేపంగా అప్లై చేయొచ్చు. హెచ్4 మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. వాళ్లు ఫాఫ్సా మీద టైమ్ పెట్టకుండా, విదేశీ విద్యార్థులకూ సొంత డబ్బు ఇచ్చే కాలేజీలు చూసుకుని వాటికి సీఎస్ఎస్ పంపాలి.

ఇద్దరి జీతాలున్నా అప్లై చేయాలా అంటే, చేయాలి. 2025-26 నుంచి హార్వర్డ్ ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు, మామూలు స్థాయి ఆస్తులే ఉంటే, ట్యూషన్ ఉచితం చేసింది. ఎంఐటీ కూడా అదే గీత గీసింది. ఐవీ లీగ్ కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్ అనేదే లేదు, ఇచ్చేదంతా అవసరాన్ని బట్టే. ఫారం పంపకపోతే మీ అవసరం వాళ్లకు తెలిసే దారి లేదు. అప్లై చేసే ముందు ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ (గ్రాంట్లు పోగా మీకు పడే ఖర్చు) కాలిక్యులేటర్‌లో మీ అంకెలు వేసి చూడండి. దాన్ని పెట్టి తీరాలని చట్టమే ఉంది. వాట్సాప్ గ్రూపులో పక్కింటివాళ్ల అబ్బాయికి ఎంత వచ్చిందో తెలుసుకోవడం కన్నా అది వంద రెట్లు నయం.

ఇక పనిలోకి దిగుదాం. ల్యాప్‌టాప్, పాస్‌వర్డులు, టాక్స్ రిటర్న్ కాపీ, బ్యాంకు బ్యాలెన్సులు దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో నింపకండి. ఫోన్‌లోనూ పనిచేస్తుందని అంటారు, నేను మాత్రం ఎవరినీ చేయనివ్వను. డబ్బు తీసుకుని నింపిపెట్టే కన్సల్టెంట్ల జోలికి అసలే వెళ్లకండి. పేరులోనే ఉచితం అని ఉన్న ఫారం ఇది.

అకౌంట్లు స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్‌లో తెరవాలి. విద్యార్థికొకటి, తల్లిదండ్రుల్లో ఒకరికొకటి, వేర్వేరు ఈమెయిళ్లతో. ఇద్దరూ కలిపి టాక్స్ ఫైల్ చేస్తే ఒక్కరి అకౌంటు చాలు. పిల్లల అకౌంటు పిల్లలే తెరవాలి, మీరు కూర్చుని తెరిచేయకండి. ఇక్కడ మనవాళ్లకు వచ్చే చిక్కంతా పేరుతోనే. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, కార్డులో వెనక, టాక్స్ రిటర్న్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే సరిపోలక ఆగిపోతుంది. విద్యార్థి తన ఫారం నుంచి మిమ్మల్ని ఆహ్వానించేటప్పుడు మీ ఈమెయిల్ తప్పులేకుండా ఇవ్వాలి. అకౌంట్ల వివరాలు సరిచూడటంలో ఆలస్యం కావచ్చు కాబట్టి ఆఖరి రోజున మొదలుపెట్టకండి.

లోపలికి వెళ్లాక మొదట కనిపించేది అంగీకారం. ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) నుంచి మీ టాక్స్ వివరాలు నేరుగా తెచ్చుకోవడానికి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఫెడరల్ ఎయిడ్ సున్నా. తెచ్చుకునేది రెండేళ్ల కిందటి రిటర్న్: 2026-27 చదువుకి 2024 ఆదాయం. అంటే మీ అబ్బాయి పదో తరగతి సగం నుంచి పదకొండు సగం దాకా ఉన్న ఏడాది. ఆ ఏడాది పెద్దమొత్తంలో షేర్లు అమ్మితే ఆ లాభమూ ఆదాయంలో పడుతుంది. ఇంకోటి, ఆ ఏడాది ఉద్యోగం మారి పాత 401కె ని ఐఆర్ఏలోకి (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) రోలోవర్ చేసి, అంటే మార్చి ఉంటే, దాన్ని రోలోవర్ అని మీరే చేత్తో రాయాలి. రాయకపోతే ఆ డబ్బంతా మీ చేతికొచ్చిన ఆదాయం కింద లెక్కవుతుంది. టాక్స్ రిటర్న్ 1040 ఫారంలో 5ఎ (మొత్తం తీసినది), 5బి (అందులో టాక్స్ పడేది) గడులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంతవరకూ కళ్లు మూసుకుని చేయొచ్చు. అసలు కథ ఆస్తుల పేజీలో ఉంది.

ఆ పేజీ ముఖ్యంగా అడిగేది మూడు అంకెలు: చేతిలో, బ్యాంకుల్లో ఉన్న డబ్బు; పెట్టుబడుల నికర విలువ; వ్యాపారం, వ్యవసాయ భూమి నికర విలువ. నికర విలువ అంటే ఈరోజు అమ్మితే వచ్చేదానిలోంచి దాని మీదున్న అప్పు తీసేయగా మిగిలింది. తెలివైన ఇంజినీర్లు కూడా ఇక్కడే తమ మొత్తం సంపద ఎంతో లెక్కేసి రాసేస్తారు. ఎవరూ అడగలేదు!

మీరు ఉంటున్న ఇల్లు రాయకూడదు. 401కె, ఐఆర్ఏ, రోత్ లాంటి రిటైర్మెంట్ ఖాతాల్లో ఉన్నది రాయకూడదు. జీవిత బీమా పాలసీ విలువ రాయకూడదు. కారు, బంగారు నగలు లాంటి సొంత వస్తువుల ఊసే అక్కర్లేదు. ఇవి రాస్తే ఎంత నష్టమో ఒక లెక్క చూడండి. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతం ఎస్‌ఏఐలోకి, అంటే మీ కుటుంబ స్తోమతను అంకెలో చూపే స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్‌లోకి వెళ్తుంది. ఇంటి మీద 3 లక్షల డాలర్ల ఈక్విటీ (అప్పు పోగా మిగిలే విలువ), 401కె లో 4 లక్షలు ఉన్నాయనుకుందాం. పొరపాటున రెండూ రాస్తే ఎస్‌ఏఐ 39,480 డాలర్ల దాకా పెరుగుతుంది. కాలేజీ ఖర్చులోంచి ఎస్‌ఏఐ తీసేస్తే మిగిలేదే మీ అవసరం. అంటే ఒక్క గడిలో రాసిన అంకెతో ఒక ఏడాది ఎయిడ్ మొత్తం ఎగిరిపోవచ్చు.

రాయాల్సినవి ఇవి: బ్రోకరేజ్ ఖాతాలోని షేర్లు, మ్యూచువల్ ఫండ్లు, క్రిప్టో, అద్దెకిచ్చిన ఇల్లు. ఇండియాలో ఉన్నవి కూడా. కాదు, తప్పించుకోలేరు. మీ పేరు మీదున్న ప్లాటు, ఫ్లాటు, ఎఫ్‌డీలు, ఎన్ఆర్ఈ ఖాతా అన్నీ డాలర్లలోకి మార్చి కలపాలి. "వాళ్లకెలా తెలుస్తుంది" అని నవ్వేవాళ్లు ప్రతి విందులోనూ ఒకరు తగులుతారు. తప్పుడు వివరాలిస్తే 20 వేల డాలర్ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. పైగా సంతకం మీ ఒక్కరిదే కాదు, పద్దెనిమిదేళ్ల పిల్లది కూడా. అలాగని అమ్మానాన్నల పేరు మీదున్న పొలాన్ని "ఎప్పటికైనా మాకే వస్తుంది" అని రాసేయకండి. ఈరోజు ఎవరి పేరు మీదుందో అదే లెక్క. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉంటే మీ వాటా మాత్రమే.

కాలేజీ ఖర్చు కోసం పొదుపు చేసే 529 ప్లాన్ తల్లిదండ్రుల ఆస్తిగానే రాయాలి, అది కూడా ఏ బిడ్డ కోసం ఫారం నింపుతున్నారో ఆ బిడ్డది మాత్రమే. చిన్నవాడి కోసం పెట్టిన 529 పెద్దమ్మాయి ఫారంలో రాయకూడదు. తాతగారు తెరిచినది అసలు రాయక్కర్లేదు. పిల్లల పేరు మీద తెరిచే యూటీఎంఏ ఖాతా మాత్రం పక్కా ఇబ్బంది. అది విద్యార్థి ఆస్తి, 20 శాతం లెక్కలోకి పోతుంది. అందులో 20 వేల డాలర్లుంటే ఎస్‌ఏఐ 4 వేలు పెరుగుతుంది. అదే డబ్బు 529లో ఉంటే మహా అయితే 1,128. చిన్నప్పుడు ముద్దుగా తెరిచిన ఆ ఖాతాను కస్టోడియల్ 529కి (బిడ్డ పేరు మీదే ఉన్నా తల్లిదండ్రుల ఆస్తిగా లెక్కయ్యేది) మార్చే వీలుంది, కానీ అందుకోసం అందులోని షేర్లు అమ్మినప్పుడు లాభం మీద టాక్స్ పడుతుంది కాబట్టి ముందు లెక్క వేసుకోండి.

సొంత వ్యాపారం ఉన్నవాళ్లు పాత సలహాలు నమ్మొద్దు. 2024-25లో కొత్త లెక్క వచ్చినప్పుడు చిన్న వ్యాపారాలను కూడా ఆస్తిలో కలిపారు. 2026-27 నుంచి, వంద మందికి మించి పూర్తికాలపు ఉద్యోగులు లేని కుటుంబ వ్యాపారాన్ని మళ్లీ వదిలేశారు. అదే 2024-25లో ఇంకోటి పోయింది: ఇంట్లో ఇద్దరు ఒకేసారి కాలేజీలో ఉంటే భారం సగమయ్యే వెసులుబాటు ఫాఫ్సాలో ఇప్పుడు లేదు. కవలలున్నవాళ్లు దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇద్దరున్న సంగతి పట్టించుకునే ప్రైవేటు కాలేజీలు ఇంకా ఉన్నాయి కాబట్టి విడిగా అడగండి.

బ్యాలెన్సులు ఫారం మీద సంతకం చేసిన రోజువి రాయాలి. క్రెడిట్ కార్డు బాకీని ఈ లెక్కలోంచి తీసివేయరు. కాబట్టి ఎలాగూ కట్టాల్సిన కార్డు బిల్లు, ఇంటి రిపేరు చెక్కు ముందురోజే కట్టేయండి. ఇది దొంగతనం కాదు, క్రమం తెలిసి చేయడం. ఇప్పటికే ఇల్లూ 401కె రాసేసి పంపినవాళ్లు కంగారు పడక్కర్లేదు, మళ్లీ లోపలికి వెళ్లి కరెక్షన్ పెట్టొచ్చు. షేర్లు తర్వాత పడిపోయాయని మాత్రం మార్చడం కుదరదు.

సీఎస్ఎస్ ప్రొఫైల్ గురించి ఎక్కువ చెప్పను. పొడుగు, విసుగు, చాలామందికి ఫీజు కూడా. ఫాఫ్సా వదిలేసిన ఇంటి విలువను ఇది అడుగుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. ఫాఫ్సాలో చేసినట్టే చేస్తే ఇక్కడ తప్పు, ఇక్కడ చేసినట్టు ఫాఫ్సాలో చేస్తే తప్పు. రెండూ ఒకే పూట నింపొద్దు.

గడువుల్లో ఫెడరల్ జూన్ 30 అన్నది మర్చిపోండి, అది ఆ చదువు సంవత్సరం ముగిసేటప్పటి తేదీ. కాలేజీలవీ రాష్ట్రాలవీ చాలా ముందే ఉంటాయి. కాలిఫోర్నియా కాల్ గ్రాంటుకి మామూలుగా మార్చి 2. ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే తప్పక చేరతామని ముందే అప్లై చేయడం) వేసేవాళ్లకైతే నవంబరులోనే మొదలవుతాయి. ఫారం తెరుచుకున్న రెండు వారాల్లో పంపేయడం నా ఇంట్లో చట్టం.

తర్వాత ఎంత ఎయిడ్ ఇస్తారో చెబుతూ కాలేజీల నుంచి ఉత్తరాలొస్తాయి. ఉదాహరణకి కాలేజీ ఖర్చు 62 వేల డాలర్లు అనుకుందాం. గ్రాంటు 24 వేలు, విద్యార్థి లోన్ 5,500, వర్క్ స్టడీ 2,500, పేరెంట్ ప్లస్ లోన్ 20 వేలు. "మీరు కట్టాల్సింది 10 వేలు" అని ఉంటుంది. దాన్ని చూసి స్వీట్లు పంచకండి. పెన్ను తీసుకుని గ్రాంటు తప్ప అన్నీ కొట్టేయండి. అసలు ఖరీదు 38 వేలు. ప్లస్ లోన్ అంటే మీ నెత్తిన అప్పు. 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు దాని మీద ఏడాదికి 20 వేలు, ఒక్కో బిడ్డకు మొత్తం 65 వేలు అని పరిమితి కూడా పెట్టారు. విద్యార్థి లోన్‌లో సబ్సిడైజ్డ్ అన్నది ముందు తీసుకోండి, చదువుకునేంతకాలం వడ్డీ ప్రభుత్వం కడుతుంది. మొదటి ఏడాది అది 3,500 మించదు.

రెండేళ్ల కిందటి రిటర్న్‌లో రెండు జీతాలు కనిపిస్తూ, ఈలోగా ఒకరి ఉద్యోగం పోయి ఉంటే ఊరుకోకండి. ఫాఫ్సాలో పాత అంకెలు మార్చకుండా, నేరుగా కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి రాయాలి. "స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్" ఫారం కావాలని అడగండి. ఒక్క పేజీ ఉత్తరం చాలు: ఏ తేదీన లేఆఫ్ అయింది, సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) ఎంత వచ్చింది, ఈ ఏడాది మొత్తం ఆదాయం ఎంత ఉండబోతోంది. లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్, నిరుద్యోగ భృతి కాగితం జత చేయండి. బాధలు వర్ణించొద్దు, బేరమాడుతున్నాం అన్న మాట రానివ్వొద్దు. మే 1లోపు చాలా కాలేజీలకు సీటు ఖాయం చేసి డిపాజిట్ కట్టాలి కాబట్టి, జవాబు రావడానికి టైమ్ ఉండేలా ఏప్రిల్ మొదటి వారంలోనే పంపండి. వారం దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఫోన్ చేయించండి, అదీ మీరు కాదు, మీ అమ్మాయి చేతే.