బ్లేజర్‌లో సర్వీస్ దొరకడం లేదా? ఏ కంటెయినర్, ఏ స్కోప్ అన్నది ముందు తేల్చుకోండి

బ్లేజర్ అంటే డాట్‌నెట్‌తో వెబ్ పేజీలు కట్టే మైక్రోసాఫ్ట్ ఫ్రేమ్‌వర్క్. దాని కంపోనెంట్‌లో (పేజీలోని ఒక భాగంలో) ఒక సర్వీస్‌ను ఇంజెక్ట్ చేస్తారు, అంటే ఆ ఆబ్జెక్ట్‌ను తెచ్చి ఇమ్మని అడుగుతారు, బిల్డ్‌లో ఒక్క హెచ్చరికా రాదు, పేజీ తెరవగానే ఎర్రర్ వస్తుంది. ఇందులో వింతేమీ లేదు. ఇంజెక్ట్ లైన్‌ను చూసినప్పుడు కంపైలర్ పట్టించుకునేది ఆ పేరుతో టైప్ ఉందా లేదా అన్నంత వరకే. దాన్ని కంటెయినర్‌లో, అంటే సర్వీసులను తయారుచేసి అందించే చోట, ఎవరైనా రిజిస్టర్ చేశారా అన్నది ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తేలుతుంది. అందుకే కోడ్‌ను అటూ ఇటూ మార్చి చూసే ముందు రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి: ఈ కంపోనెంట్ ఇప్పుడు ఏ కంటెయినర్‌ను అడుగుతోంది? ఆ కంటెయినర్‌లో ఏ స్కోప్ (సర్వీస్ ఆబ్జెక్ట్ బతికే పరిధి) నుంచి అడుగుతోంది?

ఎర్రర్ మెసేజ్‌లో రెండు పేర్లు

సర్వీస్ దొరకనప్పుడు వచ్చే మెసేజ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. "కెనాట్ ప్రొవైడ్ ఎ వాల్యూ ఫర్ ప్రాపర్టీ" అని మొదలై "దేర్ ఈజ్ నో రిజిస్టర్డ్ సర్వీస్ ఆఫ్ టైప్" అని ముగిస్తే, కంపోనెంట్ నేరుగా అడిగిన సర్వీసే రిజిస్టర్ కాలేదని అర్థం. ఇది తేలిక.

రెండోది "అనేబుల్ టు రిజాల్వ్ సర్వీస్ ఫర్ టైప్" అని మొదలై, మధ్యలో "వైల్ అటెంప్టింగ్ టు యాక్టివేట్" అని ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి పేరు దొరకని సర్వీస్‌ది, రెండో పేరు దాన్ని కోరిన క్లాస్‌ది. రెండో పేరు మనం రాసిన క్లాస్‌దే కాబట్టి కళ్లు దాని మీదికే పోతాయి. ఉదాహరణకు ఆర్డర్‌సర్వీస్ అనే క్లాస్ రిజిస్టర్ అయ్యే ఉంటుంది, దాని కన్‌స్ట్రక్టర్ అడిగిన ఐప్రైస్‌రూల్స్ మాత్రం ఉండదు. అప్పుడు ఆర్డర్‌సర్వీస్‌ను ఇంకోసారి రిజిస్టర్ చేసినా ఒరిగేదేమీ లేదు.

మొదటి పేరు స్థానంలో సిస్టమ్ డాట్ స్ట్రింగ్ కనబడితే, కన్‌స్ట్రక్టర్ కనెక్షన్ స్ట్రింగ్ లాంటిదేదో మామూలు స్ట్రింగ్‌గా అడుగుతోందన్నమాట. స్ట్రింగ్‌ను కంటెయినర్‌లో రిజిస్టర్ చేసి గండం గట్టెక్కాలని చూడకండి, రేపు ఇంకో క్లాస్ ఇంకో స్ట్రింగ్ అడుగుతుంది. ఆ విలువను ఆప్షన్స్ క్లాస్‌లో (సెట్టింగ్‌లు ఉంచే క్లాస్) పెట్టండి, లేదా రిజిస్ట్రేషన్‌లోనే లాంబ్డా (అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్) రాసి ఆబ్జెక్ట్‌ను మీరే తయారుచేసి ఇవ్వండి.

మెసేజ్‌లో టైప్ పేరు నేమ్‌స్పేస్‌తో సహా పూర్తిగా వస్తుంది. దాన్ని అక్షరం అక్షరం సరిచూడండి. రెండు ప్రాజెక్టుల్లో ఒకే పేరుతో రెండు ఇంటర్‌ఫేస్‌లు ఉండి, ఒకటి రిజిస్టర్ చేసి మరొకటి ఇంజెక్ట్ చేయడం పెద్ద సొల్యూషన్లలో తరచూ జరిగేదే.

రిజిస్ట్రేషన్ లైన్ ఉంది, అయినా దొరకదు

సర్వీస్‌ను స్కోప్డ్‌గా రిజిస్టర్ చేసే యాడ్‌స్కోప్డ్ మెథడ్‌కు క్లాస్ పేరు ఒక్కటే ఇస్తే ఆ క్లాస్ పేరుతో అడిగినవాళ్లకే అది దొరుకుతుంది. ఆ క్లాస్ ఏ ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తోందో కంటెయినర్ వెతకదు. ఇంటర్‌ఫేస్‌తో అడగాలంటే రెండు పేర్లూ ఇవ్వాలి, ఇంటర్‌ఫేస్ ముందు, క్లాస్ తర్వాత.

ఒకే క్లాస్‌ను రెండు ఇంటర్‌ఫేస్‌ల కింద విడివిడిగా రిజిస్టర్ చేస్తే ఎర్రర్ రాదు. కానీ ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు ఒక్కో ఇన్‌స్టెన్స్ (ఆ క్లాస్ నుంచి పుట్టిన విడి ఆబ్జెక్ట్) తయారవుతుంది. ఒకదాని ద్వారా రాసిన డేటా రెండోదాని ద్వారా చదివితే ఉండదు. క్లాస్‌ను ఒక్కసారే రిజిస్టర్ చేసి, రెండు ఇంటర్‌ఫేస్‌లకూ లాంబ్డాలో గెట్‌రిక్వైర్డ్‌సర్వీస్ పిలిచి అదే ఇన్‌స్టెన్స్‌ను అందిస్తే సరిపోతుంది.

బిల్డర్ మీద బిల్డ్ పిలిచాక సర్వీస్ కలపబోతే, కలెక్షన్ రీడ్-ఓన్లీ అని మెసేజ్ వస్తుంది. ఆ లైన్‌ను బిల్డ్‌కు పైకి జరపండి, అంతే.

ఇంజెక్ట్ ఆట్రిబ్యూట్ విషయంలో ఇంకో అపోహ ఉంది. అది పనిచేసేది కంపోనెంట్లలోనే. మామూలు సర్వీస్ క్లాస్‌లోని ప్రాపర్టీ మీద అది పెడితే కంటెయినర్ దాన్ని చూడను కూడా చూడదు. ప్రాపర్టీ నల్‌గా మిగిలిపోయి, ఎప్పుడో వాడబోయినప్పుడు నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్ వస్తుంది. సర్వీస్ క్లాసులకు కావలసినవి కన్‌స్ట్రక్టర్ ద్వారానే అడగాలి, ఆ కన్‌స్ట్రక్టర్ పబ్లిక్‌గా ఉండాలి. కంపోనెంట్లలో చూస్తే, ఇంజెక్ట్ చేసిన ప్రాపర్టీలు కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పటికి ఇంకా నిండవు. వాటితో పని ఆన్‌ఇనిషియలైజ్డ్‌లో మొదలుపెట్టండి. డాట్‌నెట్ 9 నుంచి కంపోనెంట్లకూ కన్‌స్ట్రక్టర్ ఇంజెక్షన్ ఉంది.

రెండు ప్రోగ్రామ్ ఫైళ్లు, రెండు కంటెయినర్లు

డాట్‌నెట్ 8లో వచ్చిన బ్లేజర్ వెబ్ యాప్ టెంప్లేట్‌లో వెబ్‌అసెంబ్లీ (కోడ్ బ్రౌజర్‌లోనే నడిచేది) లేదా ఆటో మోడ్ ఎంచుకుంటే సర్వర్ ప్రాజెక్ట్, క్లయింట్ ప్రాజెక్ట్ అని రెండుంటాయి. దేని ప్రోగ్రామ్ ఫైల్ దానిదే, దేని కంటెయినర్ దానిదే. ఒకదాంట్లో రిజిస్టర్ చేసింది రెండోదానికి తెలియదు.

క్లయింట్‌లో నడవాల్సిన కంపోనెంట్‌కు సర్వర్ కంటెయినర్ ఎందుకు అనిపించవచ్చు. ప్రీరెండరింగ్ వల్ల. ఇంటరాక్టివ్ కంపోనెంట్లకు ప్రీరెండరింగ్ ముందుగానే ఆన్‌లో ఉంటుంది. అంటే బ్రౌజర్‌కు మాత్రమే అనుకున్న కంపోనెంట్ కూడా మొదట సర్వర్‌లో ఒకసారి నడుస్తుంది, తర్వాత బ్రౌజర్‌లో మళ్లీ మొదటినుంచి నడుస్తుంది. సర్వీస్ రెండు చోట్లా ఉండాలి.

లోపం ఎటువైపు ఉందో లక్షణాలే చెబుతాయి. పేజీ అసలే రాకుండా ఎర్రర్ సర్వర్ లాగ్‌లో పడితే, లేనిది సర్వర్ కంటెయినర్‌లో. పేజీ ఒక్క క్షణం చక్కగా కనబడి, తర్వాత కింద పసుపు పట్టీ వచ్చి, బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రర్ ఉంటే, లేనిది క్లయింట్ కంటెయినర్‌లో. ఆటో మోడ్‌లో ఇంకా తికమక: వెబ్‌అసెంబ్లీ ఫైళ్లు డౌన్‌లోడ్ అయ్యేదాకా కంపోనెంట్ సర్వర్ మీద నడుస్తుంది, అవి బ్రౌజర్‌లో చేరాక తర్వాతి సందర్శనల్లో అక్కడే నడుస్తుంది. మొదటిసారి బాగానే పనిచేసి, మళ్లీ వచ్చినప్పుడు విరిగిపోయే పేజీకి కారణం చాలాసార్లు ఇదే.

నిర్ధారించుకోవడానికి ఆ కంపోనెంట్ రెండర్ మోడ్‌లో ప్రీరెండర్‌ను ఫాల్స్ చేసి చూడండి. ఎర్రర్ పోతే సర్వర్ రిజిస్ట్రేషన్ లోపించిందన్నమాట. ఇది పరీక్ష మాత్రమే. అలాగే వదిలేస్తే మొదటి పేజీ ఖాళీగా కనబడే సమయం పెరుగుతుంది.

శాశ్వత పరిష్కారానికి ఇంటర్‌ఫేస్‌ను క్లయింట్ ప్రాజెక్టులో ఉంచండి. క్లయింట్ ఇంప్లిమెంటేషన్ హెచ్‌టీటీపీ ద్వారా డేటా తెస్తుంది, సర్వర్ ఇంప్లిమెంటేషన్ నేరుగా డేటాబేస్‌ను అడుగుతుంది. రెండు వైపులా ఒకేలా ఉండే సర్వీసులను ఒక ఎక్స్‌టెన్షన్ మెథడ్‌లో చేర్చి, రెండు ప్రోగ్రామ్ ఫైళ్ల నుంచీ దాన్నే పిలవండి. అప్పుడు ఒకచోట కలిపి ఇంకోచోట మరిచిపోవడం ఉండదు.

దొరికింది, కానీ అది ఆ ఇన్‌స్టెన్స్ కాదు

ఎర్రర్ వచ్చే లోపాల కంటే ఎర్రర్ రాని లోపాలే ఎక్కువ ప్రమాదం. స్కోప్డ్ అన్న మాటకు బ్లేజర్‌లో చోటును బట్టి అర్థం మారుతుంది. స్టాటిక్ సర్వర్ రెండరింగ్‌లో అది ఒక్క హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ వరకే. ఇంటరాక్టివ్ సర్వర్‌లో అది ఒక సర్క్యూట్ (ఒక బ్రౌజర్ ట్యాబ్ కోసం సర్వర్ నిలిపి ఉంచే సెషన్) ఉన్నంత కాలం: యూజర్ యాప్ లోపల పేజీలు మారినా అదే ఇన్‌స్టెన్స్, బ్రౌజర్ రిఫ్రెష్ చేసినా కొత్త ట్యాబ్ తెరిచినా కొత్తది. వెబ్‌అసెంబ్లీలో ట్యాబ్‌లో యాప్ నడిచినంతసేపూ ఒకటే, ఆచరణలో సింగిల్‌టన్‌కూ (యాప్ అంతటికీ ఒకే ఇన్‌స్టెన్స్) దానికీ తేడా ఉండదు.

అందుకే వెబ్‌అసెంబ్లీలో యూజర్ వివరాలను సింగిల్‌టన్‌లో పెట్టినా ఏమీ కాదు. అదే కోడ్‌ను సర్వర్‌కు తెస్తే ఆ సింగిల్‌టన్ యూజర్లందరికీ ఒక్కటే. ఒకరి కార్ట్ మరొకరికి కనబడుతుంది. డెవలపర్ మెషీన్ మీద ఒక్కరే వాడతారు కాబట్టి ఇది టెస్టింగ్‌లో బయటపడదు. సర్వర్ ప్రాజెక్టులోని ప్రతి యాడ్‌సింగిల్‌టన్‌నూ ఒకసారి ఈ కంటితో చూడండి.

ఇన్‌స్టెన్స్ మీద అనుమానం వస్తే చేయాల్సిన పరీక్ష ఇది:

1. సర్వీస్ క్లాస్‌లో ఒక రీడ్-ఓన్లీ గైడ్ (జీయూఐడీ, ప్రతిసారీ వేరుగా వచ్చే గుర్తింపు విలువ) ఫీల్డ్ పెట్టి, ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే దానికి కొత్త విలువ ఇవ్వండి.
2. ఆ సర్వీస్‌ను వాడే ప్రతి కంపోనెంట్‌లోనూ ఆ విలువను తెరమీద చూపించండి, లాగ్‌లోనూ రాయండి.
3. పేజీ మారండి, రిఫ్రెష్ చేయండి, వేరే బ్రౌజర్‌లో ఇంకో యూజర్‌గా తెరవండి.

ఒకే పేజీలోని రెండు కంపోనెంట్లలో విలువలు వేరైతే అది ట్రాన్సియెంట్‌గా (అడిగిన ప్రతిసారీ కొత్త ఇన్‌స్టెన్స్) రిజిస్టర్ అయి ఉండాలి, లేదా ఆ రెండు కంపోనెంట్లు వేర్వేరు రెండర్ మోడ్‌లలో ఉండాలి. ఇద్దరు యూజర్లకు ఒకే విలువ వస్తే అది సింగిల్‌టన్. పేజీ వచ్చిన మరుక్షణం విలువ మారిపోతే అది ప్రీరెండరింగ్ ప్రభావం: మొదటి ఇన్‌స్టెన్స్ రిక్వెస్ట్‌తోపాటే పోయింది, సర్క్యూట్‌కు కొత్తది వచ్చింది. ఆన్‌ఇనిషియలైజ్డ్ రెండుసార్లు నడవడమూ ఇందువల్లే. మొదటి దఫాలో తెచ్చిన డేటా రెండోదానికి అందాలంటే పర్సిస్టెంట్‌కంపోనెంట్‌స్టేట్ వాడాలి.

డెవలప్‌మెంట్‌లో ఎర్రర్, ప్రొడక్షన్‌లో మౌనం

సింగిల్‌టన్ కన్‌స్ట్రక్టర్ ఒక స్కోప్డ్ సర్వీస్‌ను అడిగితే "కెనాట్ కన్స్యూమ్ స్కోప్డ్ సర్వీస్" అని వస్తుంది. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ఈ తనిఖీని డీఫాల్ట్‌గా డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లోనే చేస్తుంది. ప్రొడక్షన్‌లో అదే కోడ్ చప్పుడు చేయకుండా నడుస్తుంది, స్కోప్డ్ సర్వీస్ సింగిల్‌టన్‌కు చిక్కి యాప్ ఆగేదాకా బతుకుతుంది. టెస్ట్ సర్వర్ ఎన్విరాన్‌మెంట్ పేరు స్టేజింగ్ అని పెట్టుకున్నవాళ్లకూ ఈ తనిఖీ ఉండదు. ఈ తనిఖీ చేసే వ్యాలిడేట్‌స్కోప్స్, కంటెయినర్ కట్టేటప్పుడే సర్వీసులను పరీక్షించే వ్యాలిడేట్‌ఆన్‌బిల్డ్ ఆప్షన్లు రెండింటినీ అక్కడ కావాలనే ఆన్ చేసుకోండి. వ్యాలిడేట్‌ఆన్‌బిల్డ్‌కూ హద్దులున్నాయి: లాంబ్డాతో రిజిస్టర్ చేసినవాటి లోపలికి అది చూడలేదు, ఓపెన్ జెనరిక్‌లను (ఏ టైప్‌తో వాడతారో ఇంకా చెప్పని జెనరిక్ క్లాసులను) పరీక్షించదు, కంపోనెంట్లు కంటెయినర్‌లో రిజిస్టర్ కావు కాబట్టి వాటి ఇంజెక్ట్ ప్రాపర్టీలు దాని దృష్టికి రావు.

ఈ ఎర్రర్ వస్తే స్కోప్డ్‌ను సింగిల్‌టన్‌గా మార్చేయడం అతి చెడ్డ మందు. సింగిల్‌టన్‌లోకి ఐసర్వీస్‌స్కోప్‌ఫ్యాక్టరీ తీసుకుని, పని ఉన్నప్పుడు స్కోప్ తెరిచి, అయిపోగానే డిస్పోజ్ చేయాలి. అయితే అలా తెరిచిన స్కోప్‌లో వచ్చేవన్నీ కొత్త ఇన్‌స్టెన్స్‌లే, యూజర్ సర్క్యూట్‌లో ఉన్న స్టేట్ అక్కడ కనబడదు.

హెచ్‌టీటీపీక్లయింట్‌ఫ్యాక్టరీతో వాడే డెలిగేటింగ్‌హ్యాండ్లర్‌దీ (బయటికి వెళ్లే రిక్వెస్ట్‌ను దారిలో మార్చే క్లాస్) ఇదే గొడవ. ఫ్యాక్టరీ హ్యాండ్లర్లకు తనదైన స్కోప్ తెరుస్తుంది, డీఫాల్ట్‌గా 2 నిమిషాల పాటు వాటిని మళ్లీ మళ్లీ వాడుతుంది. హ్యాండ్లర్‌లోకి ఇంజెక్ట్ చేసిన టోకెన్ సర్వీస్ ఖాళీగా ఉండడానికి కారణం అదే. టోకెన్‌ను హ్యాండ్లర్‌లో వెతక్కుండా, పిలిచే సర్వీస్‌లోనే హెడర్‌కు చేర్చండి.

సర్క్యూట్ ఎక్కువసేపు ఉండడం వల్ల వచ్చేవి

యాడ్‌డీబీకాంటెక్స్ట్ అనే మెథడ్ డీబీకాంటెక్స్ట్‌ను (డేటాబేస్‌తో మాట్లాడే క్లాస్) స్కోప్డ్‌గా రిజిస్టర్ చేస్తుంది. వెబ్ ఏపీఐలో ఇది సరిగ్గా సరిపోతుంది. ఇంటరాక్టివ్ సర్వర్‌లో మాత్రం ఒకే కాంటెక్స్ట్ సర్క్యూట్ అంతా సాగి, రెండు కంపోనెంట్లు ఒకేసారి దాన్ని వాడబోతే "ఎ సెకండ్ ఆపరేషన్ వాజ్ స్టార్టెడ్" అని ఎర్రర్ వస్తుంది. ట్రాన్సియెంట్ చేస్తే పైకి తగ్గినట్టు కనబడుతుంది, అసలు జబ్బు పోదు. యాడ్‌డీబీకాంటెక్స్ట్‌ఫ్యాక్టరీ వాడి, ప్రతి ఆపరేషన్‌కూ కొత్త కాంటెక్స్ట్ తెరిచి యూజింగ్‌తో మూసేయండి.

డిస్పోజబుల్ అయిన ట్రాన్సియెంట్ సర్వీసులు కూడా ఇలాగే పేరుకుపోతాయి. కంపోనెంట్ తెరమీద నుంచి పోయినా, ఆ ఆబ్జెక్టులను స్కోప్ ముగిసేదాకా కంటెయినర్ పట్టుకునే ఉంటుంది. కనెక్షన్ తెగిన సర్క్యూట్‌ను కూడా సర్వర్ డీఫాల్ట్‌గా 3 నిమిషాలు అట్టిపెడుతుంది. సర్వీస్ ఆయుష్షు కంపోనెంట్‌తోనే ముగియాలంటే ఓనింగ్‌కంపోనెంట్‌బేస్ నుంచి వారసత్వం తీసుకుని, సర్వీస్‌ను దాని స్కోప్డ్‌సర్వీసెస్ నుంచే అడగండి. మామూలు ఇంజెక్ట్‌తో అడిగితే మళ్లీ సర్క్యూట్ స్కోప్ నుంచే వస్తుంది.

మరికొన్ని, క్లుప్తంగా

ఒకే ఇంటర్‌ఫేస్‌ను రెండుసార్లు రిజిస్టర్ చేస్తే చివరిదే దొరుకుతుంది. ట్రైయాడ్ రకం మెథడ్‌లు మాత్రం అంతకుముందే ఒకటి ఉంటే తమది కలపవు. మీ ఇంప్లిమెంటేషన్ పట్టకపోతే ఈ వరుసను చూడండి. కీతో (సర్వీస్‌ను గుర్తించే ప్రత్యేక పేరుతో) రిజిస్టర్ చేసే సదుపాయం డాట్‌నెట్ 8లో వచ్చింది. రేజర్ ఫైల్ పైన రాసే ఇంజెక్ట్ డైరెక్టివ్‌కు కీ ఇవ్వడం కుదరదు, కోడ్ బ్లాక్‌లో ఇంజెక్ట్ ఆట్రిబ్యూట్‌తో ప్రాపర్టీ రాసి దానికి కీ ఇవ్వాలి.

రెండు సర్వీసులు ఒకదాన్నొకటి అడిగితే సర్క్యులర్ డిపెండెన్సీ అని మెసేజ్ వస్తుంది, గొలుసు మొత్తం బాణాలతో చూపిస్తుంది. మధ్యలో లాంబ్డా రిజిస్ట్రేషన్ ఉంటే ఆ గొలుసు కంటెయినర్‌కు కనబడదు. అప్పుడు ప్రాసెస్ స్టాక్ ఓవర్‌ఫ్లోతో కూలవచ్చు. రెండింటికీ ఉమ్మడిగా అవసరమైన భాగాన్ని మూడో సర్వీస్‌గా విడదీయండి.

డెవలపర్ మెషీన్‌లో నడిచి, పబ్లిష్ చేశాక వెబ్‌అసెంబ్లీలోనే సర్వీస్ దొరకకపోతే ట్రిమ్మింగ్‌ను (పబ్లిష్ చేసేటప్పుడు వాడని కోడ్‌ను తీసేయడాన్ని) అనుమానించండి. అసెంబ్లీని రిఫ్లెక్షన్‌తో స్కాన్ చేసి సర్వీసులను మూకుమ్మడిగా రిజిస్టర్ చేసే కోడ్‌లో, ఆ క్లాసులను ఎవరూ పేరుపెట్టి వాడడం లేదని ట్రిమ్మర్ తీసేయవచ్చు. పబ్లిష్‌ట్రిమ్డ్‌ను ఫాల్స్ చేసి ఒకసారి పబ్లిష్ చేస్తే సంగతి తేలుతుంది. అదే అని తేలితే ఆ సర్వీసులను ఒక్కొక్కటిగా జెనరిక్ యాడ్‌స్కోప్డ్‌తో రాయండి. ఆ రూపంలో రాసినప్పుడు క్లాస్‌నూ దాని పబ్లిక్ కన్‌స్ట్రక్టర్లనూ ట్రిమ్మర్ ఉంచుతుంది.