చైనాలో మొదటి నెల: కాగితాలు, మాట, తిండి

ఎంబీబీఎస్‌కో మరో కోర్సుకో ఎక్స్1 వీసా (దీర్ఘకాల విద్యార్థి వీసా) మీద వెళ్తున్నవారు రెండు గడువులు గుర్తుపెట్టుకోవాలి. హోటల్లో కాకుండా స్నేహితుల గదిలోనో అద్దె ఫ్లాట్‌లోనో దిగితే 24 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చిరునామా నమోదు చేయించుకోవాలి. హోటలైతే వాళ్లే చేస్తారు. హాస్టలైతే చేశారో లేదో అడగండి, ఊహించుకోకండి. రెండోది, దేశంలో దిగిన 30 రోజుల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు. సందేహాలకు 12367కి ఫోన్ చేస్తే ఇంగ్లీషులోనూ మాట్లాడతారు.

మనవాళ్లకు అసలు తంటా పేరుతో వస్తుంది. ఇంటిపేరు ఒక గడిలో, రెండు మూడు ముక్కల పేరు మరో గడిలో ఉంటాయి. సిమ్ ఇచ్చేచోట ఒక వరసలో, బ్యాంకులో ఇంకో వరసలో టైపు చేశారంటే, కబుర్లకూ చెల్లింపులకూ అక్కడ అందరూ వాడే వీచాట్ యాప్‌కు మీ కార్డు కలవదు. కౌంటర్ దగ్గరే స్క్రీన్ చూపించమని, పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం పోల్చుకోండి. తర్వాత దిద్దించాలంటే చెప్పులరుగుతాయి.

చెల్లింపుల యాప్ అలీపేను, వీచాట్‌ను ఇక్కడే ఎక్కించుకుని వెళ్లండి. గూగుల్, వాట్సాప్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. అమ్మానాన్నల ఫోన్లలోనూ వీచాట్ ముందే పెట్టాలి. వీసా, మాస్టర్‌కార్డులు రెండింటికీ కలుస్తాయి. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకూ 3 శాతం రుసుము పడుతుంది. ఓటీపీ ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి పాత సిమ్‌కు రోమింగ్ పెట్టించుకోండి.

ఇక భాష. లిపి చూసి అందరూ జడుస్తారు గానీ మొదటి నెలలో దెబ్బతీసేది ఉచ్చారణే. చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్యిన్ అంటారు. అందులో బీ, డీ, జీ అక్షరాలు మన బ, ద, గ కావు. ప, త, క. పీ, టీ, కే అంటే అవే ప, త, క, బాగా ఊపిరి వదిలి పలకాలి. పెదాల ముందు టిష్యూ ముక్క పట్టుకోండి: పీకి అది ఎగరాలి, బీకి కదలకూడదు. అందుకే బీజింగ్‌ను వాళ్లు ‘పెయ్‌చింగ్’ అంటారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక లాభముంది. ‘చాప’లో చ, ‘చీమ’లో చ వేరని మన నోటికి తెలుసు. పిన్యిన్ జెడ్ అంటే చాపలో చ. సీ అంటే దానికే ఊపిరి జోడించింది. కూర అనే మాటను (cai) ‘కాయ్’ అని చదివేవాళ్లు సీని కె అనుకునేవాళ్లే. జే అంటే చీమలో చ, క్యూ అంటే దానికి ఊపిరి. ఏడు అనాలంటే ‘ఛీ’ అనాలన్నమాట, ఎవరినీ తిట్టకుండా, స్వరం ఎత్తులో నిలబెట్టి. ఎక్స్‌కు మన శ, ఎస్‌హెచ్‌కు మన ష సరిపోతాయి. అయితే శ, ష, స మూడూ ఒకేలా పలికే అలవాటుంటే ముందు దాన్ని వదిలించుకోవాలి.

స్వరాలు నాలుగు: ఒకే ఎత్తున సాగేది, ‘ఆఁ?’ అని అడిగినట్టు లేచేది, అడుగున మందంగా ఉండేది, ‘పో!’ అన్నట్టు పడేది. ‘మాయ్’ మూడో స్వరంలో కొనడం, నాలుగో స్వరంలో అమ్మడం. మనం ప్రశ్న వేసేటప్పుడు చివర గొంతు ఎత్తుతాం. అక్కడ అలా ఎత్తితే మాటే మారిపోతుంది. మన ‘వచ్చాడా’లో ఆ చేసే పని వాళ్లకు చివర ‘మా’ చేస్తుంది. గొంతు ఎత్తక్కర్లేదు.

ధరల్లో ఒక ఉచ్చు ఉంది. ‘ఈ పాయ్ వూ’ అంటే మాటకు మాట వంద, అయిదు. మనకు నూట అయిదనిపిస్తుంది, అది 150. 105కు మధ్యలో సున్నా చెప్పాలి: ‘ఈ పాయ్ లింగ్ వూ’. పదివేలకు ‘వాన్’ అనే మాటుంది, లక్ష పది వాన్లు. ఫీజులు లెక్కేసేటప్పుడు ఒక సున్నా జారిపోయేది ఇక్కడే.

హోటల్లో ఉత్తినే ‘రౌ’ అంటే పంది మాంసం. ఆవు మాంసం ‘న్యూ రౌ’. లాన్‌చౌ నూడుల్స్ దుకాణాల్లో పులుసు ఆవు మాంసానిదే. శాకాహారులు ‘వో ఛ్‌ సూ’ (నేను శాకాహారం తింటాను) అని ఊరుకోకూడదు: మాపో తోఫూలోనూ వేయించిన చిక్కుళ్లలోనూ మాంసం తురుము వేస్తారు. ‘పూ యావ్ ఫాంగ్ రౌ’, మాంసం వేయొద్దు, అని కలపండి. బంగాళాదుంప తురుము వేపుడు, టమాటా కోడిగుడ్డు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. కుక్కర్ కొనేముందు హాస్టల్ నియమాలు చూడండి. ఎక్కువ కరెంటు లాగే సామాను చాలాచోట్ల తీసేసుకుంటారు.

ప్రయాణాల్లో, 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ గుర్తు (చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర) లేని పవర్‌బ్యాంకు ఎక్కనివ్వడం లేదు. ఇండియాలో కొన్నదానికి ఆ గుర్తు లేకపోతే తనిఖీలోనే పోతుంది. రైలు టికెట్లు 12306లో (చైనా రైల్వే అధికారిక సైటు, యాప్) సాధారణంగా 15 రోజుల ముందు తెరుస్తారు. అక్టోబర్ 1 సెలవులకు, వసంత పండుగకు (చైనా కొత్త సంవత్సరం) టికెట్లు తెరిచిన రోజే చూసుకోవాలి. పాస్‌పోర్టే టికెట్టు. స్టేషన్ పేరు చివర నాన్, పెయ్, తోంగ్, శీ అంటే దక్షిణం, ఉత్తరం, తూర్పు, పడమర. పెయ్‌చింగ్ నాన్ ఒక స్టేషన్, పెయ్‌చింగ్ శీ మరొకటి. రైలు బయల్దేరకముందే గేటు మూసేస్తారు కాబట్టి తనిఖీతో కలిపి 45 నిమిషాలు చేతిలో ఉంచుకోండి.