పిల్లల కీళ్లవాపును ఇంట్లో గమనించే విధానం

కోనసీమలో బిడ్డ పొద్దున్నే కుంటితే వరిగట్టు మీద జారిందనో, చికున్‌గున్యా తాలూకు నొప్పి అనో సరిపెట్టుకోవడం సహజమే కాని, 16 ఏళ్లలోపు పిల్లల్లో కీలువాపు 6 వారాలు నిలిచి, వేరే కారణమేదీ తేలకపోతే వైద్యులు దానిని బాల్య కీళ్లవాతంగా పరిగణిస్తారు. అందుచేత నిద్ర లేచాక బిగుసుకున్న కీలు సడలడానికి ఎంతసేపు పడుతుందో, ఏ కీలు వేడిగా ఉందో రోజూ నోటుపుస్తకంలో రాసి, అమలాపురంలోనైనా కాకినాడలోనైనా పిల్లల వైద్యునికి చూపించండి.

లోపల జరిగేది ఇది: శరీరాన్ని కాపాడవలసిన టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కీలుపొరపైకే తిరగబడి మాక్రోఫేజ్‌లనే మరో రకం రక్షణ కణాలను రెచ్చగొట్టగా, అవి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు పెంచే పదార్థాలను విడుదల చేస్తాయి, నియంత్రణ టీ కణాలు ఈ దాడిని సరిగా అదుపు చేయలేకపోవడంతో పొర ఉబ్బి, నీరు చేరి, చికిత్స లేకుంటే మృదులాస్థి దెబ్బతింటుంది. పులుపు తిన్నందువల్లనో, కాలువలో ఈదినందువల్లనో ఇది రాదు; తల్లిని నిందించడం అన్యాయం.

వైద్యులు ఈ జబ్బుకు మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కసారే వేయవలసిన మందు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం కాబట్టి క్యాలెండర్‌లో ఆ రోజును గుర్తు పెట్టుకోండి. ఎరుపు, నొప్పి లేకుండానే కంటిలోనూ వాపు రావచ్చు కనుక స్లిట్ ల్యాంప్ పరీక్షను (సన్నని వెలుగు వేసి కంటిని పెద్దదిగా చూసే పరీక్ష) వైద్యులు చెప్పిన గడువులకు తప్పక చేయించండి.