వానల్లో గనిలోకి దిగుతున్నారా? ముక్కును నమ్మకండి

పాత బావిలో పూడిక తీయడానికి దిగిన మనిషి కూలిపోవడం, ఆయన్ని లాగబోయిన రెండో మనిషీ అక్కడే పడిపోవడం: ఈ వార్త మన జిల్లా పేజీల్లో ఏటా వస్తూనే ఉంది. లోహ గనుల్లో గాలి ఆడని చోట్ల జరిగేదీ అచ్చం ఇదే. కర్ణాటకలోని హట్టి బంగారు గనికో, రాజస్థాన్ జింకు గనులకో, మన తుమ్మలపల్లి యురేనియం గనికో కొత్తగా డ్యూటీకి వెళ్తున్న తమ్ముళ్ళ కోసం ఇది రాస్తున్నా. హెల్మెట్, బూట్లు, క్యాప్‌ల్యాంపు సంగతి అక్కడే చెబుతారు, వదిలేద్దాం.

నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఒకే ఒక్క మాట: "వాసనేం రావట్లేదుగా, పద."

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒక్కోసారి ఆయాసం కూడా రాదు, నేరుగా కాళ్ళు పడిపోతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్ళిన గుడ్డు వాసనే, కానీ 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు) దరిదాపులకు వస్తే ముక్కు మొద్దుబారుతుంది. ఇందాక వచ్చిన వాసన ఇప్పుడు పోయిందంటే గాలి బాగుపడిందని కాదు, మీ ముక్కు పనిచేయడం లేదేమో.

వానాకాలంలో ఇది ఇంకా ముదురుతుంది. అల్పపీడనం పట్టినప్పుడు, మూసేసిన పాత పనిచోట్లలో నిలవున్న చెడు గాలి పగుళ్ళలోంచి బయటికి వస్తుంది. సల్ఫైడ్ ఖనిజమూ కుళ్ళిన కర్రలూ ఉన్న చోట నిలిచిన నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కరిగి ఉంటుంది. పంపు పెట్టి కదిలించినా, కాలు పెట్టి కెలికినా పైకి లేస్తుంది. తడిసిన ఆన్ఫో (అమ్మోనియం నైట్రేట్, డీజిల్ కలిపిన పేలుడు మందు) పేలితే నారింజ రంగు పొగ వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్.

1961 నాటి లోహ గనుల నిబంధనల ప్రకారం ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. 19 వచ్చేదాకా పర్లేదని దీని అర్థం కాదు. మామూలు గాలిలో 20.9 ఉంటుంది. గాలిని కొలిచే గ్యాస్ మీటరు ఆక్సిజన్ 20.4 శాతం చూపించిందనుకోండి, ఏదో వాయువు వచ్చి గాలిని నెట్టేసి ఉంటే అది దాదాపు రెండున్నర శాతం చేరినట్టు. అంకె చిన్నదని నవ్వేవాళ్ళున్నారు, వాళ్ళ మాట వినకండి.

షిఫ్టుకు ముందు మీటరును పైన మంచి గాలిలో సరిచూడండి, తర్వాత పరీక్ష వాయువు (పాళ్ళు ముందే తెలిసిన వాయువు) పట్టి అలారం మోగుతుందో లేదో చూడండి. అలారం మోగని మీటరు జేబులో రాయి.

రైజ్ (కింది నుంచి పైకి తవ్విన దారి), వింజ్ (పై నుంచి కిందికి తవ్వినది), కొస మూసుకుపోయిన దారి ఏదైనా సరే మూడు ఎత్తుల్లో చూడాలి: తల దగ్గర, నడుము దగ్గర, పాదాల దగ్గర. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, అడుగున చేరుతుంది. తల లోపలికి పెట్టకముందే చూడాలి. కర్రకు కట్టి చాపండి, తాడుతో దించండి, అంకె నిలబడేదాకా ఆగండి.

దీపం వెలుగుతోందని దిగకండి. కార్బన్ మోనాక్సైడ్‌లోనూ అది వెలుగుతుంది.

బ్లాస్ట్ అయ్యాక మేట్ (పనిచోటు చూసుకునే సూపర్‌వైజరు) మీటరుతో చూసి పంపేదాకా కదలొద్దు. కాంట్రాక్టరు తొందరపెట్టినా సరే.

ఫ్యాన్ ఆగితే బయటికి రండి. మళ్ళీ తిరిగితే మళ్ళీ పరీక్ష. గాలి తెచ్చే డక్ట్ గొట్టం చిరిగిందా, ముందు అది కుట్టించండి.

తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) 30.5 డిగ్రీలు దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో ఆడాలి. 33.5 దాటకూడదు. ఎండ దెబ్బ భూమి కిందా తగులుతుంది.

వడపోత రకం సెల్ఫ్ రెస్క్యూయర్ (ప్రమాదంలో బయటపడేదాకా ఊపిరికి పెట్టుకునే పరికరం) కార్బన్ మోనాక్సైడ్‌నే ఆపుతుంది. ఆక్సిజన్ లేని చోట అది ఉత్త డబ్బా. మీ నడుముకున్నది ఏ రకమో ఈరోజే అడగండి.

లోపల ఎవరైనా పడిపోతే వెనకే దూకకండి. కేకేయండి, ఫోన్ చేయండి, గాలి పెట్టించండి. శ్వాస పరికరం ఉన్న రెస్క్యూ వాళ్ళే దిగాలి. అన్న అయినా, బావ అయినా సరే.

వాసన రాలేదని ఎవరన్నా అంటే మీటరు చూపించమనండి.

నారింజ పొగ పీల్చినవాడు "నాకేం కాలేదు" అన్నా ఇంటికి పంపొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు గంటల తర్వాత చేరుతుంది. ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచండి, పీల్చింది ఏ పొగో డాక్టరుకు చెప్పండి.