బండి వెనక యాక్సిల్ – 4వ పాఠం: విప్పే ముందు వినాలి

పోయిన పాఠంలో ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు బలం తెచ్చే కడ్డీ) క్రాసులు, అంటే దాని కీళ్లు చూశాం. గేరు వేసి క్లచ్ వదలగానే ‘టక్’మంటే ముందు క్రాసుల్లోనే వెతకాలని, అక్కడ ఏమీ దొరక్కపోతేనే వెనక్కి పోవాలని చెప్పుకున్నాం. ఇవాళ వెనక్కి పోదాం.

ఈ పాఠం వెనక చక్రాలకు ఇంజిన్ బలం అందే బండ్లకు, అంటే బొలెరో, ఓమ్ని, ఈకో, పాత అంబాసిడర్ లాంటి వాటికి. ముందు చక్రాలతో నడిచే కార్లకు వెనక క్రౌన్ పీనియన్ (షాఫ్ట్ తిరుగుడును చక్రాల వైపు మళ్లించే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత) ఉండదు, హబ్ బేరింగులు, అంటే చక్రం బేరింగులు మాత్రమే ఉంటాయి. వాళ్లకు ఇందులో బేరింగ్ పరీక్ష పనికొస్తుంది.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో షెడ్డుకు ఒక ట్రిప్పుల జీపు వచ్చింది. మేడారం జాతర దగ్గరపడింది. “అన్నా, ఎనకనుంచి ఒక్కటే సప్పుడు, జర జల్ది చెయ్యి” అన్నాడు డ్రైవర్. రోడ్డు మీద నడిపి చూడకుండానే క్రౌన్ పీనియన్ పోయిందని తేల్చేశాం. కొత్త సెట్టు వేసి బండి బయటికి తీస్తే అదే చప్పుడు. చివరికి తేలింది ఎడమ చక్రం బేరింగ్. ఆ డబ్బు జాతర ట్రిప్పుల మీద సంపాదించుకోవాల్సిన మనిషిది. అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే ఈ పాఠంలో ముందు వినడం గురించే చెబుతున్నాను.

ముందు టైర్ల గాలి సరిచూసుకోండి. తర్వాత బండిని కాస్త ఖాళీగా ఉండే రోడ్డుకు తీసుకెళ్లండి. హనుమకొండ వాళ్లకైతే ములుగు వైపు 163వ జాతీయ రహదారి, గూడెప్పాడ్ దాటాక, పొద్దున్నే వెళ్తే బాగుంటుంది. అద్దాలు దించండి, పాటలు ఆపండి. నున్నటి తారు మీద ఒక రకంగా, గరుకు రోడ్డు మీద ఇంకో రకంగా వినిపిస్తే అది టైరు చప్పుడు. యాక్సిల్ చప్పుడు రోడ్డును బట్టి మారదు, వేగాన్ని బట్టి మారుతుంది.

ఇప్పుడు 60 కిలోమీటర్ల వేగంలో నిలకడగా నడపండి. యాక్సిలరేటర్ కొంచెం నొక్కండి, వినండి. పూర్తిగా వదలండి, మళ్లీ వినండి. నొక్కినప్పుడు సన్నగా ‘ఊఁ’ అని ఏడ్చినట్టు మూలిగి, వదలగానే ఆగిపోతే క్రౌన్ పీనియన్ పళ్లలో బలం మోసే వైపు అరిగిందని అనుమానించాలి. వదిలినప్పుడే మూలిగితే అదే పళ్ల రెండో వైపు. నొక్కినా వదిలినా పెద్దగా తేడా లేకుండా మోగితే బేరింగుల వైపు చూడాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని దొర్లనివ్వండి. ఇంజిన్ మాత్రం ఆపకండి, బ్రేకు బరువెక్కుతుంది, స్టీరింగ్ బిగుసుకుపోతుంది. అప్పుడూ చప్పుడు అలాగే ఉంటే ఇంజిన్ మీద అనుమానం తీసేయవచ్చు.

బేరింగ్ అనుకున్నాక ఏ బేరింగ్ అనేది స్వరం చెబుతుంది. క్రౌన్‌కు 41 పళ్లు, పీనియన్‌కు 10 ఉంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి పీనియన్ నాలుగు చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే పీనియన్ బేరింగ్ అరిగితే స్వరం పైస్థాయిలో ఉంటుంది. చక్రం బేరింగ్ లావుగా, తిరగలి విసిరినట్టు గురగురమంటుంది. బండిని మెల్లగా కుడికి వంపు తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు గురగుర పెరిగితే ఎడమ బేరింగ్ మీద గురి పెట్టండి. ఇది ప్రతిసారీ తేల్చి చెప్పే పరీక్ష కాదు, షెడ్డులో చేత్తో నిర్ధారించుకోవాలి.

షెడ్డులో ముందు చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, వెనక భాగం లేపి, స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టి బండి కిందికి ఎవరూ దూరకండి. హ్యాండ్ బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చెయ్యి కమాన్ పట్టీ మీద పెట్టండి. మంచి బేరింగ్ అయితే చేతికేమీ తెలియదు. అరిగినదైతే ఇసుక నలిగినట్టు తగులుతుంది. నాకు చెవి కన్నా ఈ చెయ్యి మీదే నమ్మకం ఎక్కువ. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి, లోపలికీ బయటికీ లాగి ప్లే (వదులు) చూడండి.

ఇంకొక మాట. చాలామంది ఒక్క చక్రం లేపి, ఇంజిన్ ఆన్ చేసి గేర్లో తిప్పుతారు. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటే లేచిన చక్రం రెట్టింపు వేగంతో తిరుగుతుంది. మీటరు 30 చూపిస్తే చక్రం 60లో ఉన్నట్టు. జాకీ జారితే బండి ముందుకు దూకుతుంది. ఆ పని చేయవద్దు.

తర్వాత ఆయిల్. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే పెళ్లలు, ముక్కలు కనిపిస్తే లోపల పళ్లో, బేరింగో విరుగుతున్నాయి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. మన దగ్గర ఇది తరచూ చూస్తాం. వానాకాలంలో కటాక్షపూర్ చెరువు మత్తడి దూకి రోడ్డు మీదికి నీళ్లొస్తాయి, ములుగు, ఏటూరునాగారం వైపు వాగులు లోలెవల్ వంతెనల మీది నుంచి పారుతాయి. దూరం నడిచి కాలిన యాక్సిల్ హౌసింగ్ (పైతొడుగు) ఒక్కసారి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ (హౌసింగ్ పైన ఉండే చిన్న గాలి రంధ్రం) నుంచీ, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు అరిగితే వాటి నుంచీ నీటిని పీల్చుకుంటుంది. వాగు దాటిన బండికి ఆ వారంలోనే ఆయిల్ చూడాలని నేను ప్రతి డ్రైవర్‌కూ చెబుతాను. మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు కందెన ఎండనిచ్చేవారు కాదు. ఈ ఇరుసూ అంతే జాగ్రత్త కోరుతుంది.

ఈ బ్రీదర్ మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను దాటుకుని బ్రేకు డ్రమ్ములోకి వస్తుంది. సీలు మార్చి బ్రీదర్ శుభ్రం చేయకపోతే కొత్త సీలు కూడా కారుతుంది.

చక్రం బేరింగ్ మార్చే పని ఇక చూద్దాం. డ్రమ్ము తీసి, బ్యాక్ ప్లేటు బోల్టులు విప్పి, యాక్సిల్ షాఫ్టును తిన్నగా బయటికి లాగాలి. చాలా బండ్లలో బేరింగ్ పక్కన ఒక కాలర్ (ఇనుప రింగు) బిగుతుగా ఎక్కించి ఉంటుంది. దానికి డ్రిల్లుతో లోతుగా ఒక గుంట పెట్టి, ఉలితో కొడితే చీలుతుంది. డ్రిల్లు షాఫ్టును తాకకూడదు, గీత పడ్డ చోటే షాఫ్టు తర్వాత విరుగుతుంది. గ్యాసుతో కాల్చి తీయకండి, షాఫ్టు గట్టిదనం పోతుంది. కొత్త బేరింగును లేత్ షాపులో ప్రెస్సు మీద, లోపలి రింగు మీదే ఒత్తిడి పడేలా ఎక్కించండి. బయటి రింగు మీద నొక్కితే కొత్త బేరింగ్ బిగించక ముందే దెబ్బతింటుంది. పాత కాలరు, పాత సీలు మళ్లీ వాడవద్దు.

సీలు స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. సీలు పెదవికి (షాఫ్టును తాకే అంచుకు) కొంచెం ఆయిల్ రాసి, షాఫ్టు పళ్లు దానికి తగలకుండా మెల్లగా దూర్చండి. ఆయిల్ తాగిన బ్రేకు లైనర్లను పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. వద్దు. కొత్తవి వేయండి, రెండు వైపులా వేయండి.

చివరగా బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ పోయండి. ఎక్కువ బండ్లకు జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఉంటుంది. నింపే రంధ్రం కింది అంచుకు తాకితే చాలు. మళ్లీ అదే రోడ్డుకు వెళ్లి, అదే 60లో, అదే పరీక్ష చేయండి.

నొక్కితే మూలిగే బండ్ల సంగతి, అంటే క్రౌన్ పీనియన్ ప్లే కొలిచి, పళ్లకు రంగు పూసి అచ్చు చూడటం, 5వ పాఠంలో చేద్దాం. దానికి ఒక డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే ముల్లు మీటరు) కావాలి, ఈలోగా ఎక్కడైనా అడిగి తెచ్చి పెట్టుకోండి.