హెచ్‌టీటీపీఎస్‌కి మారే ముందు సెషన్ల సంగతి చూసుకోండి

హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్‌కీ సైట్‌కీ మధ్య నడిచేదంతా పక్కవాళ్లు చదవలేకుండా పంపే పద్ధతి) కోసం సర్టిఫికెట్ పెట్టేశాం, బ్రౌజర్‌లో వార్నింగ్ పోయింది, ఇంక అయిపోయినట్టే అనుకుని రాత్రికి రాత్రి స్విచ్ చేసేయకండి, అసలు గొడవ తెల్లారాక లాగిన్ల దగ్గర మొదలవుతుంది.

టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ వాడేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. సెషన్ అంటే లాగిన్ అయిన మనిషెవరో సర్వర్ గుర్తుపెట్టుకునే లెక్క, దాని ఐడీ బ్రౌజర్‌లో జేసెషన్ఐడీ అనే కుకీగా ఉంటుంది. సెషన్ హెచ్‌టీటీపీఎస్ మీద పుడితే ఆ కుకీకి సెక్యూర్ ఫ్లాగ్ (హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే పంపమనే గుర్తు) పడుతుంది, అప్పుడు యూజర్ ఏదో పాత లింకు నొక్కి మామూలు హెచ్‌టీటీపీ పేజీకి వెళ్తే బ్రౌజర్ ఆ కుకీ పంపదు, సర్వర్‌కి మనిషెవరో తెలీక కొత్త సెషన్ ఇచ్చేస్తుంది, కార్ట్ ఖాళీ. అదే హెచ్‌టీటీపీలో పుట్టిన సెషన్ హెచ్‌టీటీపీఎస్‌లోకి వస్తే హాయిగా పనిచేస్తూనే ఉంటుంది, నాకైతే దీనికే ఎక్కువ భయం, ఎందుకంటే ఆ ఐడీ అప్పటికే వైఫైలో బట్టబయలుగా వెళ్లిపోయింది. 2010లో ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ చేసి చూపించింది ఇదే, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓపెన్ వైఫైలో పక్కవాళ్ల కుకీ దొరికితే చాలు. లాగిన్ పేజీ ఒక్కటి సెక్యూర్ చేస్తే సరిపోతుంది కదా అని ఇప్పటికీ అడుగుతున్నారు, దయచేసి అలా చెయ్యొద్దు. మొదటి పేజీ నుంచీ అన్నీ హెచ్‌టీటీపీఎస్‌లోనే ఉండాలి, లాగిన్ అవ్వగానే సెషన్ ఐడీ మారిపోవాలి.

సర్వర్ల ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకి పంచేది) ఉండి ఎన్‌క్రిప్షన్ అక్కడే ఆగిపోతుంటే వెనకున్న యాప్‌కి అన్నీ హెచ్‌టీటీపీ లాగే కనపడతాయి, కుకీకి సెక్యూర్ పడదు, ఒక్కోసారి రీడైరెక్ట్ తిరుగుతూనే ఉంటుంది. యూజర్ వచ్చింది హెచ్‌టీటీపీఎస్‌లోనా కాదా అని యాప్‌కి చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్‌ను లోడ్ బ్యాలెన్సర్ పంపుతోందా, యాప్ దాన్ని చదువుతోందా, రెండూ చూడండి.

పేమెంట్ ఉన్న సైట్లైతే ఇంకా జాగ్రత్త. 2020లో క్రోమ్ 80 నుంచి సేమ్‌సైట్ (వేరే సైట్ నుంచి వచ్చినప్పుడు కుకీ పంపాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) రాయని కుకీని లాక్స్ కింద లెక్కేస్తున్నారు, అంటే పేమెంట్ గేట్‌వే నుంచి పోస్ట్ రిక్వెస్ట్‌లో (ఫారం పంపినట్టు) తిరిగొచ్చేటప్పుడు కుకీ రాదు. కాకపోతే కుకీ పెట్టి 2 నిమిషాలు దాటకపోతే క్రోమ్ చూసీచూడనట్టు దాన్ని పంపేస్తుంది, అందుకే టెస్టింగ్‌లో మాకు అన్నీ పాసయ్యాయి, లైవ్‌లో ఓటీపీ లేటైనవాళ్లు డబ్బు కట్టేసి లాగిన్ పేజీ చూస్తూ కూర్చున్నారు, ఆ ఫోన్లు ఎత్తుతుంటే నాకు చాలా బాధేసింది. టెస్ట్ చేసేటప్పుడు లాగిన్ అయ్యి 5 నిమిషాలు ఆగి కట్టి చూడండి. సేమ్‌సైట్‌కి నన్ (వేరే సైట్ల నుంచి వచ్చినా పంపమని) పెడితే సెక్యూర్ కూడా ఉండాల్సిందే. నన్నడిగితే రిటర్న్ పేజీ సెషన్ మీద ఆధారపడకుండా ఆర్డర్ నంబర్‌తో, గేట్‌వే సంతకం సరిచూసుకుని నడిస్తే మేలు.

హెచ్‌ఎస్‌టీఎస్ (ఇన్ని సెకన్లపాటు ఈ సైట్‌ని హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవమని బ్రౌజర్‌కి చెప్పే హెడర్) మాత్రం మొదట 300 సెకన్లే పెట్టండి. ఏకంగా 31536000 సెకన్లు, అంటే ఏడాది పెట్టి సబ్‌డొమైన్లన్నీ కలిపేస్తే, ఇంకా హెచ్‌టీటీపీ మీదున్న ఆఫీసు లోపలి సైట్లు తెరుచుకోవు, సర్వర్‌లో ఆ లైను తీసేసినా బ్రౌజర్ ఏడాదిపాటు గుర్తుపెట్టుకునే ఉంటుంది.

స్విచ్ అయ్యాక పాత సెషన్లన్నీ కొట్టేయండి, అందరూ మళ్లీ లాగిన్ అవ్వాలని ముందు రోజే చెప్పండి.