బేస్‌బాల్‌లో ఎడమచేతి పిచర్ కెరీర్‌ని అంకెల్లో చదవడం ఎలా

ఎడమచేతి పిచర్ (బంతి విసిరేవాడు) రాండీ జాన్సన్ కెరీర్ మొత్తం: 303 గెలుపులు, 166 ఓటములు, 4,875 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం). ఈ వరస ఎంత గొప్పగా ఉన్నా, ఆయన ఎలా ఎదిగాడో చెప్పదు. ఏడాదివారీ పట్టిక తెరవండి.

ముందు ఇన్నింగ్స్ గడి. 249.2 అంటే దశాంశం కాదు, 249 ఇన్నింగ్స్ మీద 2 అవుట్లు. ఇన్నింగ్స్‌కి 3 అవుట్లు కాబట్టి కాలిక్యులేటర్‌లో 249.67 కొట్టాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

ఇప్పుడు వాక్‌లను (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) 9తో గుణించి ఇన్నింగ్స్‌తో భాగించండి; పూర్తి ఆట అంటే 9 ఇన్నింగ్స్ కాబట్టి ఆటకి ఎన్నో తేలుతుంది. 1991లో 201.1 ఇన్నింగ్స్‌కి 152 వాక్‌లు, అంటే 6.8. 1993లో 255.1కి 99, అంటే 3.5. సగానికి దిగింది! 1992లో పిచర్ నోలన్ రయాన్, పిచింగ్ కోచ్ టామ్ హౌస్ పట్టిన లోపం చిన్నదే: విసిరేటప్పుడు ముందుకాలు మడమ మీద దిగేది, ఒళ్లు పక్కకు తిరిగి గురి తప్పేది. పాదం ముందుభాగం మీద దిగడం అలవాటయ్యాక బంతి దారికొచ్చింది. 6 అడుగుల 10 అంగుళాల మనిషికి అది తేలికైన దిద్దుబాటేమీ కాదు. స్ట్రైకౌట్లకూ ఇదే లెక్క: 2001లో ఆ 249.2 ఇన్నింగ్స్‌కి 372, అంటే 13.4.

గెలుపోటములను నమ్మకండి. 2004లో ఆయన ఈఆర్‌ఏ (ఫీల్డింగ్ తప్పులు పోగా 9 ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగుల సగటు; తక్కువైతే మేలు) 2.60, మే 18న అట్లాంటా మీద పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నీ బేస్ చేరనివ్వని ఆట) కూడా వేశాడు. అయినా 16 గెలుపులు, 14 ఓటములతోనే ముగించాడు, ఎందుకంటే ఆ ఏడు ఆయన ఆడిన అరిజోనా జట్టే 111 ఆటలు ఓడింది.

తర్వాత కుడిచేతి బ్యాటర్ల మీద గణాంకాలు చూడండి. ఎడమచేతి బంతిని కుడిచేతి బ్యాటర్లు సాధారణంగా మెరుగ్గా ఆడతారు కాబట్టి, ఎడమచేతి పిచర్ వస్తున్నాడంటే ఎదుటి మేనేజర్ లైనప్‌ని కుడిచేతి వాళ్లతో నింపుతాడు. ఎడమచేతి వాళ్ల మీద అంకెలు ఎంత మెరిసినా, ఒక్క సీజన్‌లో వాళ్లు ఎదురైంది తక్కువసార్లే.

డాడ్జర్స్ జట్టు ఎడమచేతి పిచర్ శాండీ కూఫాక్స్‌తో పోల్చాలంటే ఉత్త ఈఆర్‌ఏ పనికిరాదు. 1962లో తెరిచిన డాడ్జర్ స్టేడియం పిచర్లకు అనుకూలం. 1963లో స్ట్రైక్ జోన్‌నీ (బంతి పడితే స్ట్రైక్‌గా లెక్కించే హద్దు) పెంచారు. మైదానాన్ని, కాలాన్ని సర్దే ఈఆర్‌ఏ ప్లస్ చూడండి. అందులో 100 సగటు, ఎక్కువైతే మేలు; జాన్సన్‌కి 135, కూఫాక్స్‌కి 131. అయితే కూఫాక్స్ అంకెలో 1960 దాకా 36 గెలుపులు, 40 ఓటములతో నడిచిన రోజులూ కలిసే ఉన్నాయి. 1962 నుంచి 66 వరకు వరసగా అయిదేళ్లు లీగ్‌లో అతి తక్కువ ఈఆర్‌ఏ ఆయనదే. మోచేతి కీళ్లవాపుతో 30 ఏళ్లకే ఆట మానేశాడు కనుక, ఆ అయిదు వరసల్నీ విడిగా లెక్కకట్టండి.